సముద్రం దాటని ముట్ఠీ బియ్యం

1955 ఎండాకాలం. హైదరాబాద్ అప్పటికింకా తన పాత రాష్ట్రంలోనే ఉంది. పాతబస్తీలో మీరాలం మండి వెనక గల్లీలో మాకు బియ్యం దుకాణం ఉండేది. మా తాత పెట్టింది. ముందు దుకాణం, వెనక గోదాం, పైన ఇల్లు. నా వయసంతా ఆ గద్దె మీదే గడిచింది. బియ్యం వ్యాపారం గురించి రాయమంటే కంట్రోలు రోజుల గురించో, కరువు ధరల గురించో చెబుతానని మీరు అనుకోవచ్చు. అవి ఎవరైనా చెప్పగలరు. నేను చెప్పేది ఒక్క లాట్ గురించి. లాట్ అంటే మా భాషలో ఒకే రకం, ఒకే పంట సరుకు ఉన్న బస్తాల గుంపు. నేను చెప్పబోయే బస్తాల్లో మాత్రం ఏ రెండు గుప్పిళ్ళూ ఒక రకం కావు. దాన్ని లాట్ అనడానికి నాకు ఇప్పటికీ నోరు రాదు.

మా దిక్కు ఒక సేవా క్లబ్బు ఉండేది. వకీళ్ళు, డాక్టర్లు, పత్తర్‌గట్టి బట్టల వ్యాపారులు అందులో సభ్యులు. వాళ్ళ పెద్దాఫీసు విదేశంలో ఉండేది. వారానికోసారి కలిసి భోంచేసి, ఎవరికి ఏం సాయం చేయాలో మాట్లాడుకునేవాళ్ళు. అందులో క్లాసిఫికేషన్ అని ఒక పద్ధతి. ఒక్కో వృత్తికి ఒక్కరే సభ్యుడు. నేను అంతకు ముందే సభ్యత్వానికి అర్జీ పెట్టుకున్నాను. బియ్యం వృత్తి కింద ఒక మిల్లు యజమాని ఉన్నాడనీ, ఆయన ఉన్నంతకాలం నాకు చోటు లేదనీ జవాబు వచ్చింది. ఆయన గుప్పెడు బియ్యం చేతిలోకి తీసుకొని చూసింది నేనెన్నడూ చూడలేదు. అయినా చోటు ఆయనదే.

ఆ ఏడు వాళ్ళ పెద్దాఫీసు నుంచి పిలుపు వచ్చింది. సముద్రాల అవతల ఒక దేశంలో జనం ఆకలితో చచ్చిపోతున్నారు, ప్రతి ఊరి క్లబ్బూ తోచిన సాయం చేయాలి అని. క్లబ్బు అధ్యక్షుడు దామోదర్‌రావు వకీలు. హైకోర్టులో పేరున్న మనిషి, మాటకారి. ఆయనకు మన ఇళ్ళలోని ముట్ఠీ గుర్తొచ్చింది.

ముట్ఠీ అంటే పిడికెడు. పొద్దున పొయ్యి మీదికి బియ్యం కడిగే ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేయడం మా గల్లీల్లో అలవాటు. హిందువుల ఇళ్ళలో గుడికనో సాధువులకనో తీస్తారు. ముసల్మానుల ఇళ్ళలో మసీదుకనో మదర్సాకనో తీస్తారు. తీసేది ఎవరి పేరనైనా పట్టింపు ఒకటే. ఆ కుండలో పడిన గింజ తిరిగి ఆ ఇంటి పొయ్యి మీదికి రాకూడదు. ఇంట్లో పస్తులున్నా సరే, ఆ కుండ ముట్టరు.

వకీలు నన్ను క్లబ్బుకు పిలిపించాడు. అందరూ కుర్చీల్లో ఉన్నారు. నాకు కుర్చీ వేయలేదు. మాట అయిపోయేదాకా తలుపు దగ్గర నిలబడ్డాను. అది నేను మరిచిపోలేదు.

"వీరేశం, ఒక్కో ఇంటి నుంచి దినాం ఒక్క పిడికెడు. ఆడోళ్ళు మా మాట వినరు, నీ మాటైతే వింటరు. గోదాం గూడ నీదే వాడుకుందం," అన్నాడు.

"మంచిదే సార్. గని సన్నబియ్యం, దొడ్డుబియ్యం, నూకలు వేరే వేరే బస్తాలల్ల పొయ్యాలె. అన్నీ కలిసినయంటే అక్కెరకు రావు."

"ఏందయ్యా వీరేశం, ఆకలికి రకాలుంటయా?"

అందరూ చప్పట్లు కొట్టారు. "ఆకలికి లేవు సార్, పొయ్యికున్నయి" అని నేను అన్నాను. ఆ చప్పట్లలో అది ఎవరికీ వినబడలేదు. సన్నబియ్యం ఉడికేసరికి దొడ్డుబియ్యం పలుకుగా ఉంటాయి, దొడ్డుబియ్యం ఉడికేసరికి నూకలు సంకటవుతాయి. అన్నం వండే ఆడవాళ్ళందరికీ తెలిసిన సంగతే ఇది. ఆ గదిలో అన్నం వండేవాళ్ళు ఎవరూ లేరు.

అయినా ఒప్పుకున్నాను. పని చేసి చూపిస్తే సభ్యత్వం ఇస్తారేమో అనుకున్నాను. అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

ఇల్లిల్లూ తిరిగి అడిగింది నేనే. అందరికంటే ముందు జైనబ్ బీ ఇంటికి వెళ్ళాను. ఆమె మగడు పోయిన మనిషి. బట్టల మీద జరీ పని చేసి బతికేది. పుట్టిల్లు మహబూబ్‌నగర్ దిక్కు కాబట్టి తెలుగు గడగడా మాట్లాడేది. గల్లీలో ఆమె ఊఁ అంటే పది ఇళ్ళు ఊఁ అన్నట్టే. గుమ్మానికి వేలాడే గోనె పరదా వెనక నుంచి అడిగింది.

"ఎవరు తింటరు సేఠ్?"

"అవతలి దేశపోళ్ళు అమ్మా. పిల్లలు సస్తున్నరంట."

"మన మొకం తెలిసినోళ్ళా?"

"కాదు."

"అయితే మంచిదే. పోతదా మరి? నడుమల ఎవరి కడుపులనన్న పడతదా?"

"నా జబాన్ అమ్మా. సముద్రం దాటి పోతది."

జబాన్ అంటే మాట. మా వ్యాపారంలో కాగితాలు తక్కువ, జబాన్ ఎక్కువ. ఫలానా వాడి జబాన్ పోయిందని మండిలో ఒకసారి అనిపించుకుంటే తూకం ఎంత సరిగ్గా ఉన్నా వాడి గడప ఎవరూ ఎక్కరు. నేను ఆ రోజు ఇచ్చింది అదే. వకీలు తన మాట ఇవ్వలేదు, నాది ఇప్పించాడు.

ఎండాకాలమంతా బియ్యం వచ్చాయి. గాజుల బట్టీలో పనిచేసే యాదమ్మ కొంగులో మూటకట్టి తెచ్చేది. కొందరు దొడ్డుబియ్యం, కొందరు నూకలు, బియ్యం తినే తాహతు లేనివాళ్ళు జొన్నలు కూడా తెచ్చారు. వద్దనడానికి నాకు నోరు రాలేదు. క్లబ్బు వాళ్ళు పంపిన మనిషి అన్నిటినీ ఒకే కుప్పగా పోయించి బస్తాలు కుట్టించాడు. నేను చూస్తూ ఉండిపోయాను. నా గోదాంలో నా మాట చెల్లకపోవడం అదే మొదటిసారి.

బస్తాలు నిండాక సభ పెట్టారు. బస్తాల ముందు వకీలు, సభ్యులు పూలదండలతో నిలబడ్డారు. నేను ఒక పక్కన నిలబడితే ఫోటో తీసేవాడు "సేఠ్, జర జరుగుండ్రి, మీ బట్టల మీద దుమ్ముంది" అన్నాడు. బియ్యం దుమ్ము అది. ఆ బస్తాలు మోయించినప్పుడు పడిందే. జరిగాను. ఆ ఫోటోలో నేను లేను.

ఆ తర్వాత బస్తాలు కదల్లేదు. బియ్యం దేశం దాటించాలంటే ఢిల్లీ పర్మిట్ కావాలన్నారు. పర్మిట్ దొరికేది కాదని తేలింది. పెద్దాఫీసు వాళ్ళకు బియ్యం అసలు అక్కర్లేదట. డబ్బు పంపితే ఆ దేశానికి దగ్గర్లో ధాన్యం కొంటామని రాశారు. ఇది ముందే కనుక్కోవలసిన సంగతి. ఎవరూ కనుక్కోలేదు.

వకీలు దుకాణానికి వచ్చాడు. గద్దె మీద కూర్చోమంటే కూర్చోలేదు.

"ఏం ఫికర్ లేదు వీరేశం. ఇక్కడే గల్లీల అమ్మెయ్. అగ్గువకు పెట్టు, పొద్దుగూకేవరకు పోతయి. ఆ పైసలు పంపుదం."

"గల్లీలనా? ఇచ్చిందే వాళ్ళు సార్."

"అయితే ఏంది? బియ్యం బియ్యమే గద?"

ఆయన పెరిగిన ఇంట్లో కూడా ముట్ఠీ కుండ ఉండే ఉంటుంది. ఆడవాళ్ళు అందులో బియ్యం వేయడం చూసి ఉంటాడు గానీ, మళ్ళీ ఎందుకు తీయరో అడిగి ఉండడు. నేను చెప్పబోయాను. రిక్షా ఎక్కి వెళ్ళిపోయాడు. క్లబ్బు నుంచి వచ్చిన మనిషి ఒక బస్తా విప్పి దుకాణం ముందర పెట్టించాడు. చవక బియ్యం, అగ్గువ బియ్యమని అరిచాడు కూడా.

మొదట వచ్చింది యాదమ్మ. ఒక గుప్పెడు తీసి చూసి, గింజలు వేళ్ళ సందుల్లోంచి బస్తాలోకి జార్చింది.

"ఏంది సేఠ్, ఇవి మావే గద?"

"పైసలు చేసి పంపుతరంట యాదమ్మా."

"సముద్రం దాటుతయంటివి. మూసీ గూడ దాటకపాయె!"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. కాసేపటికి జైనబ్ బీ బుర్ఖా వేసుకొని స్వయంగా వచ్చింది. ఆమె మామూలుగా దుకాణానికి వచ్చేది కాదు, ఎవరితోనైనా సరుకు తెప్పించుకునేది.

"మా బియ్యం మాకే అమ్ముతున్నవా సేఠ్?"

"నేను కాదమ్మా, క్లబ్బోళ్ళు..."

"నాకు జబాన్ ఇచ్చింది క్లబ్బా? ముట్ఠీల ఏసిన గింజ మళ్ల నా పొయ్యి మీదికొస్తే నేను ఇచ్చినట్లెట్లయితది? ఇంట్ల పొయ్యి రాజేయని దినం గూడ నేను ఆ కుండల చెయ్యి పెట్టలే. నువ్వు దాన్ని తెచ్చి నా గల్లీల తూకానికి పెట్టినవ్."

నేను అక్కడికక్కడే బస్తా మూతి కట్టేసి లోపల పెట్టించాను. అప్పటికే ఆలస్యమైంది. మర్నాటి నుంచి గల్లీ ఆడవాళ్ళు నా దుకాణం దాటి మూల మీది దుకాణానికి వెళ్ళడం మొదలుపెట్టారు. ఎవరూ లొల్లి చేయలేదు. లొల్లి చేస్తే జవాబు చెప్పవచ్చు. ఊరికే దాటిపోతే ఏం చెబుతాం?

ఆ బియ్యం ఎట్లాగైనా గల్లీ బయట అమ్మి, డబ్బు సముద్రం దాటిస్తే తప్ప నా మాట నిలవదు. మండికి వెళ్ళాను. మండిలో సాంపిల్ చూడకుండా ఎవరూ కొనరు. సాంపిల్ అంటే మొన తేలిన ఇనప గొట్టం బస్తాలోకి పొడిచి తీసే గుప్పెడు గింజలు. నా సాంపిల్ అరచేతిలో పోసుకొని ఒక పాత దోస్తు "ఏంది వీరేశం, గోదాం ఊడ్చి తెచ్చినవా?" అన్నాడు. ఆ మాట ఎవరన్నారో, ఏ దుకాణం ముందర నిలబడి అన్నారో కూడా నాకు గుర్తుంది. వర్షాలు మొదలయ్యాయి. గోదాంలో తేమ పెరిగింది. బస్తాల మీద ముక్కపురుగు కనబడింది. వకీలుకు కబురు పంపితే "అంత తకలీఫ్ అయితే ఇక్కడే ఏదన్న అనాథాశ్రమానికి ఇచ్చెయ్" అని కబురు వచ్చింది. అనాథలకు ఇవ్వడం మంచిదే. కానీ నేను జబాన్ ఇచ్చింది దానికి కాదు. ఇవ్వనన్నాను. మొండివాడన్నారు. అననీ.

చివరికి మూసీ అవతల ధూల్‌పేటలో బన్సీలాల్ దొరికాడు. మురుకులు, అప్పడాలు చేసి అమ్మే మనిషి. పిండి పట్టిస్తే రకాల గొడవ ఉండదు. గింజ ఏదైనా పిండి పిండే. సాంపిల్ చూసి పెద్దగా నవ్వాడు.

"అరే భాయ్, హైదరాబాద్ మొత్తం ఒక్క బస్తాల పోసినవా?"

"కొంటవా, నవ్వుతవా?"

"రెండూ చేస్త. పురుగు ఉందా?"

"జల్లెడ పట్టించి ఎండబెట్టిస్త. గని నాదొక షరతు. ఈ పిండితోని చేసినవి మా గల్లీల అమ్మొద్దు. మీరాలం మండి దిక్కే రావొద్దు."

"అగ్గువకు అమ్మేటోడు షరతు పెడతడా? ఎందుకు, విషం గిట్ల కలిపినవా?"

ముట్ఠీ సంగతి చెప్పాను. నవ్వడం ఆపాడు. "మా ఇంట్ల గూడ ముట్ఠీ కుండ ఉంది" అని మాత్రం అన్నాడు. షరతుకు ఒప్పుకున్నాడు. ధర మాత్రం ఒక్క పైసా పెంచలేదు. జల్లెడ కూలీ, బండి కిరాయి నా మీదే పడ్డాయి. వాటి గురించి క్లబ్బులో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

డబ్బు క్లబ్బుకు అప్పగించాను. క్లబ్బు పెద్దాఫీసుకు పంపింది. చలికాలంలో అక్కడి నుంచి బంగారు రంగు అంచుతో ఒక ప్రశంసాపత్రం వచ్చింది. దానికి మళ్ళీ ఒక సభ. అందులో వకీలు చాలాసేపు మాట్లాడాడు. నా గురించి "ఒక స్థానిక వర్తకుడు గోదాం ఇచ్చి సహకరించారు" అన్నాడు. నేను మూడో వరుసలో కూర్చొని ఉన్నాను. నా పేరు ఆయనకు తెలుసు.

అయినా గల్లీ మారలేదు. ఆడవాళ్ళు దాటిపోతూనే ఉన్నారు. ఒక రోజు జైనబ్ బీ గుమ్మం ముందు ఆగి చెప్పాను.

"అమ్మా, పంపినం. బయట అమ్మి పైసలు పంపినం."

"నువ్వు పంపినవా?"

"వకీల్ సాబ్ పంపిండు."

"అయితే ఆయనొచ్చి చెప్పాలె. నువ్వు ఇంతకు ముందు గూడ చెప్పినవ్ గద, సముద్రం అని."

ఆమెది తప్పు కాదు. వకీలు ఆఫీసుకు వెళ్ళాను. ముందు గదిలో కక్షిదారులు కూర్చొని ఉన్నారు. గుమాస్తా నన్ను చెప్పులు విడిచే చోట కూర్చోమన్నాడు. కూర్చున్నాను. వకీలు తలెత్తి చూశాడు.

"ఏందయ్యా, కేసేమన్న ఉందా?"

"ఉంది సార్. మీ మీదనే."

కక్షిదారులు నవ్వారు. ఆయన నవ్వలేదు.

"పైసలు పోయినయి, కాగితమొచ్చింది. ఇంకేం కావాలె?"

"మీరొచ్చి గల్లీ ఆడోళ్ళకు చెప్పాలె."

"చేరింది, తిన్నరు అని నువ్వే చెప్పెయ్ రాదు? వాళ్ళకెట్ల తెలుస్తది?"

"తిన్నరో లేదో నాకు తెల్వదు గద సార్. మీకు తెలుసా?"

ఆయన కాగితాలు తిరగేశాడు. "రేపు చూద్దం" అన్నాడు.

"రేపు గూడ వస్త."

మర్నాడు వెళ్ళాను. ఆ మర్నాడూ వెళ్ళాను. కక్షిదారులు వచ్చే వేళకు వెళ్ళి అదే చెప్పుల దగ్గర కూర్చునేవాణ్ణి. ఎవరైనా ఏం పని అని అడిగితే, బియ్యం సంగతి మొదటి నుంచి చెప్పేవాణ్ణి. గొంతు తగ్గించేవాణ్ణి కాదు. వకీలు లోపలి నుంచి వింటూ ఉండేవాడు. చివరికి ఒక రోజు బయటికి వచ్చాడు.

"నీకు దుకాణం లేదా ఏందయ్యా?"

"ఉంది సార్. గిరాకీ లేదు. మీ సేవల పోయింది."

వకీలు నల్లకోటు విప్పి గుమాస్తాకు ఇచ్చి "నడువ్" అన్నాడు.

మధ్యాహ్నం దాటింది. జైనబ్ బీ గుమ్మం ముందు ఒక స్టూలు వేశారు. పరదా వెనక ఆమెతో పాటు మరికొందరు ఉన్నారు. యాదమ్మ, ఇంకా ఇద్దరు ముగ్గురు బయట అరుగు మీద కూర్చున్నారు. వకీలు గొంతు సవరించుకున్నాడు.

"సోదరీమణులారా, ఈనాడు ప్రపంచమంతా..."

"వకీల్ సాబ్," అంది పరదా వెనక నుంచి జైనబ్ బీ, "ఇది సభ కాదు. మేం ఇరుగుపొరుగోళ్ళమే ఉన్నం. మా బియ్యం పోయినయా?"

ఆయన చేతిరుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. పోయాయి అంటాడనుకున్నాను. అంటే కాదనాలని గొంతు దాకా తెచ్చుకున్నాను.

"పోలేదమ్మా," అన్నాడు. "సర్కారు పోనియ్యదంట. నేను ముందుగాల అడగలే. అవి అమ్మి పైసలు పంపినం. పైసలు చేరినయని కాగితం వచ్చింది."

"ఆ పైసలతోని ఎవరు తిన్నరు?"

"తెల్వదమ్మా. తిన్నరో లేదో గూడ నాకు తెల్వదు."

ఇక గల్లీలో నా బతుకు అయిపోయిందనుకున్నాను.

"మరి ఆ బియ్యం ఎటు పాయె? మా పొయ్యిలకే వచ్చినయా?"

ఈసారి నేను చెప్పాను. "రాలేదమ్మా. ధూల్‌పేటల మురుకులైనయి. ఈ దిక్కు అమ్మొద్దని షరతు పెట్టిన."

యాదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. "మూసీ అయితే దాటినయి!" అంది. పరదా వెనక కూడా ఎవరో నవ్వారు. జైనబ్ బీ నవ్వలేదు. వకీలుకే చెప్పింది.

"ఇచ్చేదాక మా పని. ఎవరి నోట్ల పడాల్నో అది అల్లా పని. నడుమ మీరుంటిరి. మీ పని మీరే వచ్చి చెప్పాలె, ఇంకొకని నోటితోని కాదు. తెల్వదు అన్నరు. అది నిజం. బస్."

పరదా కింది నుంచి సాసర్లో చాయ్ కప్పు బయటికి వచ్చింది. వకీలుకు. ఒక్కటే కప్పు. ఆయన తాగాడు. తిరిగి వెళ్తూ గల్లీ మూల దాకా నాతో నడిచాడు. ఏదైనా అంటాడేమో అనుకున్నాను. "ఎండ ఉంది" అన్నాడు, రిక్షా ఎక్కాడు.

వారం తిరగకముందే గల్లీ మళ్ళీ నా దుకాణానికి వచ్చింది. వెళ్ళినప్పుడు ఎంత మౌనంగా వెళ్ళారో, వచ్చినప్పుడూ అంతే మౌనంగా వచ్చారు. వకీలు మీద నాకున్న కోపాలు చాలా ఉన్నాయి, పైన రాశాను. కానీ ఆ అరుగు ముందు నిలబడి తెలియదు అన్నది ఆయనే. ఆ మాట నేను వెయ్యిసార్లు చెప్పినా చెల్లేది కాదు. క్లబ్బు సభ్యత్వం మాత్రం నాకు ఎన్నడూ రాలేదు. మిల్లు యజమాని పోయాక ఆ చోటు ఆయన కొడుక్కి ఇచ్చారు.

ఆ తర్వాత నా గోదాం చాలామంది అడిగారు. వరదలకని, కరువుకని, యుద్ధానికని. నేను ఎవరినీ ఊరికే కాదనలేదు. ఒక్క మాట అడిగేవాణ్ణి: "పని అయినంక, ఇచ్చినోళ్ళ గుమ్మం ముందర నువ్వే నిలబడి చెప్తవా?" కొందరు ఆలోచించి సరే అన్నారు, వాళ్ళకు గోదాం ఇచ్చాను. చాలామంది నవ్వి, పిసినారి అని తిట్టుకుంటూ వెళ్ళిపోయారు. వాళ్ళ పేర్లు కూడా నాకు గుర్తున్నాయి.